‘పది మందికి పంపండి’ అంటూ వచ్చే మెయిళ్లు, మెసేజ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో, ఆఫీసులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో నన్ను పదేపదే అడిగే ప్రశ్నలివి. ఒకప్పుడు మెయిళ్ల గురించి అడిగేవారు, ఇప్పుడు వాట్సాప్ గురించి అడుగుతున్నారు. దారి మారింది కానీ సరుకు అదే. కొన్నయితే పాతికేళ్ల నాటి మెయిళ్లే, పొల్లు పోకుండా ఇప్పుడు ఫోన్లలో తిరుగుతున్నాయి. అందుకే రెండింటికీ కలిపి రాశాను.

చైన్ మెయిల్ అంటే అసలేమిటి?

‘నన్ను ఇంకో పది మందికి పంపు’ అని అడిగే ఉత్తరం. లోపల ఏముందన్నది తర్వాత సంగతి. వైరస్ హెచ్చరిక కావచ్చు, దేవుడి మహిమ కావచ్చు, క్యాన్సర్ మందు కావచ్చు. చివర్లో ‘అందరికీ పంపండి’ అన్న మాట ఉంటే మాత్రం అది చైన్ ఉత్తరమే.

ఇది కంప్యూటర్లతో వచ్చిన జబ్బు కాదు. నలభై దాటిన వాళ్లకు ఆ పోస్టుకార్డులు గుర్తుండే ఉంటాయి. ఫలానా గుడిలో పాము కనిపించి, మనిషి రూపం దాల్చి, కలియుగం గురించి ఏదో చెప్పిందని ఉండేది. ఈ సంగతి రాసి ఇంతమందికి పంపినవాడికి లంకెబిందెలు దొరికాయి, చించి పారేసినవాడి కొడుకు పోయాడు అని ముగిసేది. కొందరు భయపడి కరపత్రాలు అచ్చు వేయించి బస్టాండుల్లో పంచేవారు. ఊరూరా తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న రోజులూ ఉన్నాయి. ఒకటే తేడా. అప్పుడు కార్డు కొనాలి, కూర్చుని రాయాలి, చెయ్యి నొప్పి పుట్టేది. నాలుగు కార్డులయ్యాక చాలామంది వదిలేసేవారు. ఇప్పుడు వేలితో ఒక్కసారి నొక్కితే చాలు, ఆ మధ్యలో ఆలోచించుకునే వ్యవధే లేదు.

నేనొక్కణ్ణి పంపితే ఏమైపోతుంది?

మీరు పది మందికి పంపారు. వాళ్లలో ప్రతి ఒక్కరూ ఇంకో పది మందికి పంపితే వంద. అలా ఆరో మెట్టుకు వచ్చేసరికి పది లక్షలు. అందరూ పంపరనుకుందాం, పదిలో ముగ్గురే పంపుతారనుకుందాం. అయినా ఒక్క సాయంత్రంలో ఊరంతా పాకడానికి అది చాలు.

లెక్క కంటే నాకు ముఖ్యం అనిపించేది ఇంకోటి ఉంది. ముక్కూ మొహం తెలియనివాడు పంపితే మీ అమ్మగారు నమ్మరు. మీరు పంపితే నమ్ముతారు. ‘మావాడు ఇంజనీరు, వాడే పంపాడు’ అని పక్కింటావిడకి చెబుతారు. అబద్ధానికి కాళ్లు మన పేరుతోనే వస్తాయి.

నిజమైతే నలుగురికీ మేలు, అబద్ధమైతే పోయేదేముంది?

అందరూ అడిగేది ఇదే. మంచి మనసుతోనే అడుగుతారు కూడా. అందుకే దీనికి కాస్త పొడుగ్గా జవాబు చెబుతాను.

2020 ఫిబ్రవరిలో చికెన్ తింటే కరోనా వస్తుందని మెసేజ్‌లు తిరిగాయి. పంపినవాళ్లు అనుకున్నది ఒక్కటే: ‘ఒక నెల తినకపోతే పోయేదేముంది?’ పోయింది కోళ్ల రైతుకి. కొనే నాథుడు లేక ధర పడిపోయింది, మేత ఖర్చు మాత్రం ఆగలేదు. చివరికి ఫిబ్రవరి 28న హైదరాబాద్‌లో కేటీఆర్‌తో పాటు తెలంగాణ మంత్రులు స్టేజీ మీద అందరి ముందూ చికెన్ తిని చూపించాల్సి వచ్చింది.

పది రూపాయల నాణెం సంగతి మీకు తెలిసిందే. చెల్లదని ఎవరో పుట్టించారు. కిరాణా కొట్టువాళ్లు తీసుకోలేదు, ఆటోవాళ్లు తీసుకోలేదు. ఆ నాణేన్ని అప్పటికి 14 రకాల డిజైన్లలో విడుదల చేశామని, అన్నీ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ 2018 జనవరిలో ప్రకటన ఇచ్చింది. ఆ తర్వాత కూడా మా వీధి చివర పూలమ్మే ఆవిడ దగ్గర ఒక డబ్బా నిండా ఆ నాణేలు ఉండిపోయాయి. ఆవిడ తీసుకునేది, ఆవిడ దగ్గర ఎవరూ తీసుకునేవారు కాదు.

ఇక అన్నిటికంటే బాధపెట్టేది 2018 వేసవి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని, పార్థి గ్యాంగ్ తిరుగుతోందని మన రెండు రాష్ట్రాల్లోనూ వాయిస్ మెసేజ్‌లు, ఫొటోలు వచ్చాయి. ఊళ్లలో జనం కర్రలు పట్టుకుని రాత్రిళ్లు కాపలా కాశారు. కొత్త మొహం కనిపిస్తే కొట్టారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపేశారు. జులైలో బీదర్ జిల్లాకు వెళ్లిన హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒకరు మూకదాడిలో చనిపోయాడు. వాళ్ల బృందం చేసిన నేరం, దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు ఇవ్వడం.

ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన వీడియో ఒకటి ఉంది. బైకు మీద ఇద్దరు వస్తారు, వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి లాక్కుని వెళ్లిపోతారు. అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. అసలు వీడియోలో వాళ్లు వెనక్కి వచ్చి పిల్లాణ్ణి దించేసి, జాగ్రత్త చెప్పే బోర్డు చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కోసేశారు. మిగిలింది ఫార్వర్డ్ చేసినవాళ్లలో ఎక్కువమంది తల్లులు, తండ్రులు. పిల్లల మీద ప్రేమతో పంపినవాళ్లే.

అదే సమయంలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊరూరా పంపారు. డప్పు కొట్టించి, పాటలు కట్టించి, ఇవి పుకార్లని చెప్పించారు. నమ్మకం ఉన్న మనిషి ఎదురుగా వచ్చి చెబితే జనం విన్నారు.

వైరస్ ఉందని హెచ్చరిక వస్తే పంపాలి కదా?

పంపకూడదు. దీనికి నా దగ్గర సొంత అనుభవం ఉంది.

2002లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఒకరోజు ఉదయం మా సీనియర్ నుంచి మెయిల్ వచ్చింది. ‘నా కంప్యూటర్‌లో వైరస్ ఉంది, మీకూ వచ్చి ఉంటుంది. జేడీబీజీఎంజీఆర్ అనే ఫైలు వెతకండి. పక్కన బూడిదరంగు టెడ్డీబేర్ బొమ్మ ఉంటుంది. యాంటీవైరస్‌కు దొరకదు. 14 రోజులు నిద్రపోయి తర్వాత అంతా పాడుచేస్తుంది. వెంటనే తీసేసి, మీ అడ్రస్ బుక్‌లో ఉన్న అందరికీ చెప్పండి’ అని ఉంది. వెతికాను. ఉంది. సరిగ్గా ఆ చిన్న ఎలుగుబంటి బొమ్మే. గుండె ఝల్లుమంది. తీసేశాను, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను, ముప్పై మందికి మెయిల్ పెట్టాను. వాళ్లూ వెతికారు, వాళ్లకీ కనిపించింది, వాళ్లూ తీసేశారు.

అది అప్పట్లో విండోస్‌తో పాటు వచ్చిన ఫైలు. మైక్రోసాఫ్ట్ జావా ప్రోగ్రాములకు సంబంధించినది. ఆ బొమ్మ దానికి మొదటినుంచీ ఉన్నదే. అందుకే ఎవరు వెతికినా దొరికింది. చెప్పిన ఆనవాలు కళ్లకు కనిపించింది కాబట్టి చెప్పినదంతా నిజమనుకున్నాం. అంతకు ముందు ఏడాది ఎస్‌యూఎల్‌ఎఫ్‌ఎన్‌బీకే అనే ఇంకో విండోస్ ఫైలు గురించి ఇలాంటి మెయిలే తిరిగిందని తర్వాత తెలిసింది. ఇంకా వెనక్కి వెళితే 1994లో ‘గుడ్ టైమ్స్’ పేరుతో వచ్చింది. ఆ పేరున్న మెయిల్ తెరిస్తే హార్డ్ డిస్క్ చెరిగిపోతుందన్నారు. అలాంటి వైరస్ లేనే లేదు. జనం చేత జనానికి పంపించుకుంటూ ఆ హెచ్చరికే వైరస్‌లా పాకింది.

నిజంగా వైరస్ ఉంటే ఆ సంగతి మీ ఆఫీసు ఐటీ వాళ్లకు చెప్పండి. వాళ్లే చూసుకుంటారు.

చూడగానే అబద్ధమని ఎలా పసిగట్టాలి?

ఒక మెసేజ్ తీసుకుని విప్పి చూద్దాం. ఇది దాదాపు ఏటా వస్తుంది:

‘రేపు ఉదయం 5:27 నుంచి ఆల్ఫెలియన్ ప్రభావం మొదలవుతుంది. భూమి సూర్యుడికి బాగా దూరంగా వెళుతుంది. మామూలుగా 9 కోట్ల కిలోమీటర్ల దూరం, ఇప్పుడు 15.2 కోట్లు, అంటే 66 శాతం ఎక్కువ. ఆగస్టు దాకా చలి పెరుగుతుంది. జలుబు, దగ్గు, ఒళ్లునొప్పులు వస్తాయి. విటమిన్లు వాడండి. అందరికీ షేర్ చేయండి.’

మొదట ‘రేపు’. ఏ రేపు? తేదీ లేదు. తేదీ లేని మెసేజ్‌కు చావు లేదు, ఎప్పుడు చదివినా రేపే అవుతుంది. తర్వాత 5:27. అంత కచ్చితమైన టైమ్ చూడగానే ఎవరో శాస్త్రవేత్త లెక్కగట్టాడనిపిస్తుంది. ‘ఆల్ఫెలియన్’ అనే మాటే లేదు. అసలు పదం అఫీలియన్, అంటే భూమి సూర్యుడికి అన్నిటికంటే దూరంగా ఉండే చోటు. ఇక 15.2 కోట్ల కిలోమీటర్లు అన్నది నిజం. భూమి ఏటా జులై మొదట్లో అంత దూరంలో ఉంటుంది. అబద్ధం ఆ 9 కోట్లలో ఉంది. భూమి సూర్యుడికి సగటున 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, జనవరిలో బాగా దగ్గరికి వచ్చినప్పుడు కూడా 14.7 కోట్లు. తేడా మూడు శాతం చిల్లర. జులైలో మనకు చలి పుట్టేది వానలవల్ల. ఆ వానాకాలపు జలుబే ఈ మెసేజ్‌కు సాక్ష్యం పలుకుతుంది.

ఒక నిజం, ఒక అబద్ధం, మన ఒంటికి ఎలాగూ తెలిసే ఒక అనుభవం. ఈ మూడూ కలిపి వండితే మంచి చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతారు. టెడ్డీబేర్ మెయిల్ వంటకం కూడా ఇదే.

ఇంకొన్ని గుర్తులు: ఎవరు చెప్పారో పేరు ఉండదు, ‘ఒక పెద్ద డాక్టర్’ అనో ‘పోలీస్ శాఖ’ అనో ఉంటుంది. ‘టీవీల్లో చూపించరు’ అంటారు. తొందర పెడతారు, భయపెడతారు. పంపకపోతే మీరు మంచివారు కాదన్నట్టు రాస్తారు. తెలుగు కూడా ఒక్కోసారి పట్టిస్తుంది. ఎక్కడో ఇంగ్లిష్‌లోనో హిందీలోనో పుట్టినదాన్ని మెషిన్ తెలుగులోకి మారిస్తే వాక్యం కుంటుతూ ఉంటుంది.

నాసా చెప్పింది, యునెస్కో ప్రకటించింది అని ఉంటుంది. అవి పెద్ద సంస్థలే కదా?

పేరు రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, అదే చిక్కు. మన జాతీయ గీతాన్ని ప్రపంచంలోనే ఉత్తమమైనదిగా యునెస్కో ప్రకటించిందని 2008 ప్రాంతం నుంచి మెయిళ్లు తిరిగాయి. అలాంటి ప్రకటన ఏదీ చేయలేదని ఆ సంస్థే చెప్పింది. ‘జనగణమన’ మీద మనకున్న గౌరవానికి ఎవరి సర్టిఫికెట్టూ అవసరం లేదు.

వేడి కొబ్బరినీళ్లు క్యాన్సర్‌ను చంపుతాయని ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రి డైరెక్టర్ పేరు పెట్టి పంపారు. ఆస్పత్రి ఖండించాల్సి వచ్చింది. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ పేరుతో వచ్చిన క్యాన్సర్ మెయిల్‌కు కూడా ఆ ఆస్పత్రి వాళ్లే జవాబు రాసి పెట్టారు.

అంగారకుడి కథ కొంచెం వేరు, అది మొదట అబద్ధం కాదు. 2003 ఆగస్టు 27న అంగారకుడు దాదాపు 60 వేల ఏళ్లలో ఎన్నడూ లేనంత దగ్గరికి, సుమారు 5.58 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చాడు. 75 రెట్లు పెద్దదిగా చూపే టెలిస్కోపులో చూస్తే, మామూలు కంటికి చందమామ ఎంత కనిపిస్తుందో అంత కనిపిస్తాడని అప్పటి మెయిల్‌లో ఉంది. చేతులు మారేకొద్దీ టెలిస్కోపు పోయింది, సంవత్సరం పోయింది. ‘ఆగస్టు 27 రాత్రి ఆకాశంలో రెండు చందమామలు’ మిగిలింది. పిల్లల్ని నిద్ర లేపి మేడ మీదికి తీసుకెళ్లిన ఇళ్లు నాకు తెలుసు.

ఆరోగ్య చిట్కాలు పంపితే తప్పేముంది?

ధనియాల నీళ్లు తాగమంటే పెద్ద నష్టం లేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పాటించమనే చిట్కాలతోనే నాకు భయం. రెండు చెబుతాను, ఈ రెండూ మీ ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

ఒకటి: ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉండమనేది. ఇది 1999 నుంచీ తిరుగుతోంది. ఇలా చేయమని తాము చెప్పడం లేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ స్పష్టంగా చెప్పింది. దగ్గుతూ కూర్చుంటే పోయేది సమయం. ఛాతీ పట్టేసినట్టున్నా, నొప్పి ఎడమ చేతికి, దవడకి పాకుతున్నా, చెమటలు పడుతున్నా వెంటనే 108కి ఫోన్ చేయాలి. పక్కింటివాళ్లను కేకేయాలి, తలుపు గడియ తీసి ఉంచాలి.

రెండోది: పక్షవాతం వస్తే సూదితో పది వేళ్లూ గుచ్చి రక్తం కార్చమనేది, అప్పటిదాకా మనిషిని కదపవద్దనేది. ఇది ఇంకా ప్రమాదం. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతానికి గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది, కానీ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. మూతి ఒక పక్కకు వంకర పోయినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా సూదికోసం వెతకకండి. టైమ్ చూసుకుని, స్కానింగ్ ఉన్న ఆస్పత్రికి పరుగెత్తండి. ఎన్నింటికి మొదలైందన్నది డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న.

రక్తం కావాలని, పాప తప్పిపోయిందని వస్తే కూడా ఆపాలా?

ఇక్కడే మనసు ఆగదు. నాకూ ఆగదు.

కొన్నేళ్ల కిందట మా కాలేజీ గ్రూపులో ఓ నెగెటివ్ రక్తం అర్జెంటుగా కావాలని వచ్చింది. ఐదేళ్ల బాబు, ఆపరేషన్, కింద ఫోన్ నంబరు. నాదీ అదే రక్తం గ్రూపు. పంపేముందు ఫోన్ చేశాను. అవతల పెద్దమనిషి ఎత్తారు. నేను చెప్పింది విని కాసేపు మాట్లాడలేదు. ‘బాబు పోయి ఏడాదిన్నర అయిందమ్మా. ఇవాళ మీది నాలుగో ఫోను. నంబరు మార్చేద్దామంటే, వాడు ఉన్నప్పటి నంబరు ఇది’ అన్నారు. నేను క్షమించమని అడిగితే, ‘మీరు మంచికే చేశారు తల్లీ’ అని ఆయనే నన్ను ఓదార్చారు.

అప్పటినుంచి నేను పాటించే పద్ధతి ఇది. ముందు నేను ఫోన్ చేస్తాను. అవసరం ఇంకా ఉందని తెలిస్తేనే పంపుతాను. పంపేటప్పుడు తేదీ, టైమ్, ఆస్పత్రి, ఊరు రాస్తాను. ‘ఇవాళ సాయంత్రం 6 గంటల వరకే’ అని కూడా రాస్తాను. రక్తం దొరికాక అదే గ్రూపులో ‘దొరికింది, ఇక ఫోన్ చేయకండి’ అని పెడతాను. తప్పిపోయిన పిల్లల విషయంలో కూడా అంతే. పోలీస్ స్టేషన్ పేరు, తేదీ లేని ఫొటోను పంపను. పిల్ల ఇంటికి చేరాక కూడా ఆ ఫొటో తిరుగుతూనే ఉంటుంది, పెద్దయ్యాక కూడా. దారిలో ఒంటరిగా ఏడుస్తున్న పిల్లలు కనిపిస్తే చేయాల్సింది పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్.

ఒక్కో షేరుకు ఫేస్‌బుక్ ఇన్ని రూపాయలు ఇస్తుందని జబ్బుపడ్డ పిల్లల ఫొటోలు పెడతారు. ఎవరూ ఏమీ ఇవ్వరు. ఆ ఫొటో ఎవరి బిడ్డదో వాళ్లకు తెలియకుండానే తీసి వాడేస్తారు.

ఫార్వర్డ్ చేస్తే డబ్బు, రీచార్జ్, లాటరీ అంటారు. ఒక్కటైనా నిజమా?

ఒక్కటీ కాదు. మెయిల్ ఎంతమందికి పంపితే అంత లెక్కగట్టి బిల్ గేట్స్ డాలర్లు ఇస్తాడని 1997లో మొదలైంది. ఇప్పటిదాకా ఎవరికీ చెక్కు రాలేదు. మనకిప్పుడు వచ్చేది పండగ బంపర్ గిఫ్ట్, ఉచిత రీచార్జ్, కౌన్ బనేగా కరోడ్‌పతి పేరుతో 25 లక్షల లాటరీ. పాతవాటితో పోయేది సమయమే. వీటిలో లింకు ఉంటుంది, అక్కడ ఓటీపీనో ‘ప్రాసెసింగ్ ఫీజు’నో అడుగుతారు. లింకు తెరవడానికి ముందే పది గ్రూపులకు పంపమనడం ఇందులో మామూలు, మీ చేతనే మీవాళ్లకు వల వేయిస్తారన్నమాట. డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి దాచుకోవద్దు. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

దేవుడి మెసేజ్ పంపకపోతే కీడు జరుగుతుందా?

జరగదు. భక్తి ఉంటే దీపం పెట్టుకోండి, గుడికి వెళ్లండి, ఒక స్తోత్రం చదువుకోండి. ‘11 మందికి పంపకపోతే అరిష్టం’ అని రాసినది దేవుడు కాదు. మా అమ్మకు ఈ విషయంలో చాలా టెన్షన్ ఉండేది. ‘నువ్వు డిలీట్ చేయలేకపోతే నాకు పంపు, నేను చేస్తాను, ఏ దోషమైనా నాకే’ అన్నాను. కొన్ని నెలలు పంపింది, తర్వాత తనే మానేసింది.

నిజమో కాదో కనుక్కోవడానికి నా దగ్గర అంత టైమ్ లేదు. ఏం చేయాలి?

ఏమీ చేయకండి. పంపకుండా వదిలేయడానికి టైమ్ పట్టదు. నిజం తేల్చాల్సిన బాధ్యత మీ మీద లేదు. పంపాలనుకుంటేనే తేల్చుకోవాలి.

తేల్చుకోవాలంటే మెసేజ్‌లోని ముఖ్యమైన నాలుగు మాటలు, పక్కన ‘ఫ్యాక్ట్ చెక్’ అని గూగుల్‌లో కొట్టండి. తెలుగులో ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ లాంటి హైదరాబాద్ సంస్థలు రోజూ ఇదే పని చేస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వ పథకాలు, ఉద్యోగాలు, నోట్ల గురించి అయితే పీఐబీ (కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం) ఫ్యాక్ట్ చెక్‌కు 87997 11259 నంబరులో వాట్సాప్ చేయవచ్చు. ఫొటో మీద అనుమానం ఉంటే గూగుల్ లెన్స్‌లో పెట్టి చూడండి, నిన్నటి వరద అని వచ్చినది ఏడేళ్ల కిందటిదని చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

వాట్సాప్‌లో మెసేజ్ మీద రెండు బాణాలు కనిపిస్తున్నాయి. ఎందుకు?

ఒక బాణం ఉంటే ఫార్వర్డ్ అయిన మెసేజ్ అని. రెండు బాణాలుంటే ఇప్పటికే ఐదు చేతులో అంతకంటే ఎక్కువో మారి వచ్చిందని. అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది. మూకదాడుల తర్వాత 2018లో మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా వాట్సాప్ అడ్డుకట్ట వేసింది. 2020 ఏప్రిల్‌లో ఈ ‘ఒక్క చాట్’ నియమం వచ్చింది. రెండు బాణాలు అబద్ధానికి రుజువు కావు. రాసినవాళ్లెవరో మీకు పంపినవాళ్లకు కూడా తెలియదని మాత్రం అర్థం.

ఇంతలో అడగబోయే మరో మూడు: రెండు నీలం టిక్కులు, ఒక ఎర్ర టిక్కు వస్తే ప్రభుత్వం చదువుతున్నట్టు కాదు, ఎర్ర టిక్కు లేనే లేదు. ఏటీఎం పిన్ తిరగేసి కొడితే పోలీసులు రారు. 2016లో వచ్చిన రెండు వేల నోటులో చిప్ లేదు.

ఆఫీసు మెయిల్‌లో నిజంగా పంపాల్సినది ఉంటే ఎలా పంపాలి?

పాత ఫార్వర్డ్ మెయిళ్లు గుర్తున్నాయా? కింద ఉన్న రెండు ముక్కలు చదవాలంటే నాలుగు పేజీల అడ్రసులు దాటాలి. ఎవరెవరి మెయిల్ ఐడీలో, కొందరి ఫోన్ నంబర్లు, హోదాలతో సహా. స్పామ్ పంపేవాళ్ల చేతిలో అలాంటి మెయిల్ ఒక్కటి పడితే వందల అడ్రసులు తేరగా దొరికినట్టే. కాబట్టి పై భాగం అంతా చెరిపేసి, విషయం మాత్రం కొత్త మెయిల్‌లో పెట్టండి. ఒకరికొకరు తెలియనివాళ్లకు పంపుతుంటే అడ్రసులు బీసీసీలో (ఒకరి అడ్రసు ఇంకొకరికి కనిపించని గడిలో) వేయండి. జవాబిచ్చేటప్పుడు ‘రిప్లై ఆల్’ నొక్కకండి.

ఫార్వర్డ్ చేసినందుకు కేసు అవుతుందా? నేను రాయలేదు కదా?

అవ్వొచ్చు. జనంలో భయం, అల్లర్లు, వర్గాల మధ్య పగ రేపే పుకార్లను పుట్టించినా, వ్యాప్తి చేసినా భారతీయ న్యాయ సంహిత 353వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది. వరద, తుపాను లాంటి సమయాల్లో తప్పుడు హెచ్చరికలు వ్యాప్తి చేస్తే విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ ఉంది. తమిళనాడుకు చెందిన నటుడు, మాజీ ఎమ్మెల్యే ఎస్.వి.శేఖర్ మహిళా జర్నలిస్టులను కించపరిచే పోస్టు ఒకటి 2018లో షేర్ చేశారు. చదవకుండా పంపానన్నారు, క్షమాపణ చెప్పారు. అయినా కేసు కొట్టేయడానికి మద్రాస్ హైకోర్టు ఒప్పుకోలేదు, 2023లో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు.

‘66ఎ కింద గ్రూప్ అడ్మిన్‌ను అరెస్టు చేస్తారు’ అనే మెసేజ్ కూడా మీకు వచ్చే ఉంటుంది. ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలోనే కొట్టేసింది.

మా మామయ్యగారు రోజూ పంపుతారు. పెద్దవారు, ఎలా చెప్పను?

గ్రూపులో అందరి ముందూ చెప్పకండి. ఆయన ఉదయం నాలుగింటికి లేచి, అందరి క్షేమం కోరి పంపుతున్నారు. కింద కోడలు ‘ఇది ఫేక్’ అని పెడితే ఆయనకు తల కొట్టేసినట్టు ఉంటుంది. రెండు రోజులు మాట్లాడరు, మూడో రోజు వేరే గ్రూపులో పంపుతారు.

విడిగా ఫోన్ చేయండి. ‘మామయ్యగారూ, మీరు పంపిన పక్షవాతం మెసేజ్ చదివాను. మా డాక్టరుగారిని అడిగితే సూది గుచ్చొద్దు, వెంటనే తీసుకురమ్మన్నారు. మీ మాట అందరూ వింటారు కదా, మీరే గ్రూపులో చెబితే బాగుంటుంది’ అనండి. దిద్దే గౌరవం ఆయనకే ఇవ్వండి. మా పెదనాన్న విషయంలో ఇదే చేశాను. ఇప్పుడు ఆయన ఏదైనా పంపేముందు ‘ఇది చూడమ్మా, నిజమేనా?’ అని నాకు పంపుతారు. వారంలో పది వస్తాయి, అన్నీ చూస్తాను. విసుక్కోను.

కొందరు ఎంత చెప్పినా వినరు. రాజకీయం, మతం కలిసినవైతే మరీ. అక్కడ వాదన పెంచుకోకండి. మీ దగ్గర ఆగిపోతే చాలు.

గుడ్ మార్నింగులు, పండగ శుభాకాంక్షలు కూడా పంపకూడదా?

హాయిగా పంపుకోండి.

నేను ఇప్పటికే పంపేశాను. అబద్ధమని ఇప్పుడు తెలిసింది. ఏం చేయను?

వాట్సాప్‌లో అయితే దాదాపు రెండున్నర రోజుల్లోపు ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ పని చేస్తుంది. కానీ డిలీట్ చేసి ఊరుకోకండి, చదివినవాళ్ల మనసులో అది అలాగే ఉంటుంది. ఎవరెవరికి పంపారో వాళ్లందరికీ దిద్దుబాటు పంపండి. ఆ అబద్ధాన్ని మళ్లీ పూర్తిగా రాయకండి, అసలు నిజం ముందు రాయండి. టెడ్డీబేర్ మెయిల్ పంపిన మర్నాడు నేను ఆ ముప్పై మందికీ రాశాను. చాలా ఇబ్బందిగా అనిపించింది. పన్నెండు మంది జవాబు రాశారు, అందరూ ‘చెప్పినందుకు థ్యాంక్స్, మేం కూడా మావాళ్లకు చెబుతాం’ అనే రాశారు.

మాటలు దొరక్కపోతే ఇది వాడుకోండి:

‘అందరికీ నమస్కారం. గుండెపోటు వస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి, దగ్గుతూ కూర్చోకూడదు. నిన్న నేను పంపిన మెసేజ్ తప్పు, సరిచూడకుండా పంపాను, క్షమించండి. మీరెవరికైనా పంపి ఉంటే దయచేసి వాళ్లకు కూడా ఈ మాట చెప్పండి.’